గోడ వేడి

పోయినవారం బేకరీ ఇంటి కోడలిని మనం వంటింటి గుమ్మంలో వదిలిపెట్టాం. ఎదురుగా మొగుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే అత్తగారు సాక్షిలా పీట వేసుకుని కూర్చుంది. కోడలు కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ మాటిచ్చింది, "ఇంకెప్పుడూ ఊరికే పాపని ఎత్తుకుని డాక్టరు దగ్గరకి పరిగెత్తను" అని.

ఆ మాట రాబట్టడానికి ఇంటిల్లిపాదీ తక్కువ కష్టపడలేదు. పాపకి ఎక్కిళ్ళు వస్తే పరిగెత్తింది. తుమ్మితే పరిగెత్తింది. పాలు కక్కితే చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. ఆఖరిసారి సాయంత్రం బేరం మంచి జోరు మీద ఉండగా మొగుణ్ణి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేపుకుపోయింది. తీరా అక్కడికి వెళ్ళాక పాప డాక్టరమ్మ మొహంలోకి చూసి బోసినోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వు సంగతి వీధి వీధంతా పాకింది. మర్నాటినుంచి బన్నుల కోసం వచ్చినవాళ్ళు బన్ను ధర అడిగే ముందు "ఏంటి, గాభరా ఇంట్లోనే ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. అత్తగారు జ్వరం చూసే థర్మామీటరు లాక్కుని దుకాణం సొరుగులో పెట్టి తాళం వేసింది. "ఇది నీ చేతిలో ఉంటే జ్వరం పిల్లకి కాదు, నీకొస్తుంది" అంది.

మాట అంటూ ఇచ్చాక నిలబెట్టుకోవాలని గాభరా గట్టిగానే అనుకుంది. ఆమె దురదృష్టం ఏమిటంటే, ఈసారి పాప తుమ్మలేదు, కక్కలేదు, ఏడవలేదు.

ఆ ఇంటి పడకగది సంగతి కొంచెం చెప్పాలి. ముందు బేకరీ, వెనక ఇల్లు. బట్టీకీ పడకగదికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. తాతల నాటినుంచి బట్టీ రగులుతూనే ఉంది కాబట్టి, గోడ కూడా తాతల నాటినుంచి వెచ్చగానే ఉంది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆ గోడ పక్కనే ఉయ్యాల. తడిగుడ్డలు ఆ గోడకి ఆనించి ఆరేస్తే చిటికెలో ఆరిపోతాయి. పిల్లల ఒళ్ళు కాస్త వేడిగా తగిలితే ఆ ఇంట్లో ఎవరూ జ్వరం అనరు, "గోడ వేడి" అంటారు. ఎత్తుకుని పెరట్లో నాలుగడుగులు తిప్పితే తగ్గిపోతుంది. గాభరా మొగుడు అలాగే పెరిగాడు. వాడి అక్కలూ అలాగే పెరిగారు. వాళ్ళందరూ దుక్కల్లా ఉన్నారని అత్తగారు సందు దొరికినప్పుడల్లా చెప్పేది.

నిన్న పగలంతా పాప ఏడుస్తూనే ఉంది. దుకాణంలో బట్టీ మరమ్మత్తు జరుగుతోంది, మేస్త్రీ లోపలి పాత ఇటుకలు పగలగొడుతున్నాడు, ఇల్లంతా దుమ్ము, సుత్తి దెబ్బలు. ఏడవక ఏం చేస్తుంది అనుకున్నారందరూ. సాయంత్రం ఒళ్ళు వెచ్చగా తగిలితే, గోడ వేడి అన్నారు. రాత్రి నుంచి మాత్రం ఒకటే నిద్ర. పుట్టినప్పటినుంచి ఒక్క రాత్రి కూడా కుదురుగా నిద్రపోనివ్వని పిల్ల, తెల్లారేదాకా కిక్కురుమనలేదు. పొద్దున మొగుడు మేస్త్రీతో కలిసి బట్టీ ఇటుకలు తేవడానికి వ్యానెక్కుతూ, "చూశావా, నువ్వు గాభరాపడకపోతే అదే సర్దుకుంటుంది" అన్నాడు. అత్తగారైతే ఉయ్యాలకి దిష్టి తగులుతుందేమోనని గొంతు తగ్గించి మరీ మెచ్చుకుంది.

గాభరా కూడా సంతోషించింది. సంతోషించడానికి శాయశక్తులా ప్రయత్నించింది అంటే ఇంకా సబబు. పొద్దున పాలు పట్టబోతే పాప రెండు గుక్కలు తాగి వదిలేసింది. నిద్రమత్తు అనుకుంది. ఇంకాసేపాగి మళ్ళీ పట్టింది. ఈసారి నోట్లో పెట్టినా పెదవులు కదల్లేదు, పాలు చెంప మీదుగా కారిపోయాయి. కిందవేసిన గుడ్డ తడమి చూసింది. పొడిగా ఉంది. ఆ పాటికి ఎన్నో గుడ్డలు మార్చి ఉండాలి. అరికాలి మీద వేలితో గిల్లీ గిల్లనట్టు గిల్లింది. పాప ఏడవలేదు. "ఊఁ" అని చిన్నగా మూలిగింది. పొట్ట మీద చెయ్యి పెడితే కాలిపోతోంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి.

గోడ వేడి, అనుకుంది. గోడ వేడి, గోడ వేడి అని పైకే అనుకుంది. మాటిచ్చాను కదా అనుకుంది. క్లినిక్కులో టోకెన్లు ఇచ్చే అమ్మాయి ఈసారి నోటికి చున్నీ అడ్డం పెట్టుకోకుండానే నవ్వుతుంది అనుకుంది. ఇన్ని అనుకున్నాక కూడా ఆమె గుండె దడ తగ్గలేదు. నిన్నటిదాకా భయమేసినప్పుడల్లా ఆమె నోరు ఊరుకునేది కాదు, ఇల్లంతా తిరుగుతూ గోల చేసేది. ఇవాళ్టి భయం వేరుగా ఉంది.  పాపని భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, దుకాణంలోంచి బయటికి నడిచింది.

దుకాణం తలుపులు సగం మూసి ఉన్నాయి. అత్తగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని మొన్న కాల్చిన రస్కులు పొట్లాలు కడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరకి అత్తయ్యా."

అత్తగారి చేతిలో దారం ఆగింది. కోడలి వంక చూసింది, భుజం మీద నిద్రపోతున్న మనవరాలి వంక చూసింది.

"ఏడుస్తోందా?"

"లేదు."

"కక్కిందా?"

"లేదు."

"మరి హాయిగా నిద్రపోయే పిల్లని లేపి ఎండలో ఊరేగిస్తానంటావేంటి? మొన్ననే కదా మాటిచ్చావు? వారం తిరగలేదు."

"ఒళ్ళు కాలిపోతోంది అత్తయ్యా. పాలు తాగట్లేదు. ఒక్కసారి ఆ థర్మామీటరు ఇవ్వండి, చూసి..."

"ఇవ్వను." అత్తగారు లేచింది. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, లేచి నిలబడటమే ఒక పెద్ద పని. అయినా లేచిందంటే విషయం గట్టిదని అర్థం. వచ్చి పాప నుదుటిమీద అరచెయ్యి ఆనించింది. ముప్ఫై ఏళ్ళపాటు బట్టీ నోట్లో చెయ్యి పెట్టి, ఇది బన్నుల వేడి, ఇది రస్కుల వేడి అని చెప్పిన చెయ్యి అది. అందుకే ఆ చేతి మాటకి ఇంట్లో తిరుగులేదు. కాలిన మచ్చలతో కాయలు కాచిన ఆ చేతికి పసిపిల్ల నుదురు ఏం తెలుస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు.

"వెచ్చగా ఉంది. అంతే."

"ఇది మామూలు వెచ్చదనం కాదండీ."

"గోడ పక్కన పడుకున్న పిల్ల వెచ్చగా ఉండక ఐసుగడ్డలా ఉంటుందా? ఇప్పుడేగా తీసుకొచ్చావు. ట్రేలోంచి తీసిన బన్ను నీ చేతిలోకి రాగానే చల్లబడిపోతుందా?"

మామూలు రోజయితే ఆ మాటకి గాభరాకి నవ్వొచ్చేది. అత్తగారి మాటలంటే ఆమెకి లోలోపల ఇష్టమే. ఇవాళ మాత్రం ఆ మాట వింటుంటే ఒళ్ళు మండింది.

"మీరు నవ్వులాటగా మాట్లాడకండి అత్తయ్యా. పొద్దున్నుంచి కళ్ళు తెరవలేదు. నాకు భయమేస్తోంది."

"నీకెప్పుడు భయం వెయ్యలేదు చెప్పు? ఎక్కిళ్ళకి భయం. తుమ్ముకి భయం. నువ్వు పరిగెత్తిన ప్రతిసారీ ఆ డాక్టరమ్మ ఏమంది? పిల్ల బంగారంలా ఉందంది. నీ భయం చూసి చూసి నా కొడుకు సగమైపోయాడు. రాత్రి నిద్ర లేదు, పగలు బేరం లేదు." అత్తగారి గొంతు పెరిగింది. "ఇంతమందిని పెంచిన ఇల్లిది. నీకు నామీద నమ్మకం లేకపోతే లేదని చెప్పు. నా కొడుకు మీదా లేకపోతే అదీ చెప్పు."

"నమ్మకం లేక కాదు అత్తయ్యా. నన్ను వెళ్ళనివ్వండి."

"వెళ్ళనివ్వను. నీకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు కాబట్టి చూపిస్తాను, రా."

అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో కోపం ఉంది కానీ కసి లేదు. మొండికేసిన పిల్లకి పాఠం చెప్పే పంతులమ్మ పట్టు అది. రస్కుల పొట్లాలు పక్కకి తోసి, కుంటుకుంటూ పడకగదిలోకి లాక్కెళ్ళింది. ఉయ్యాలని ఒక పక్కకి జరిపింది. కోడలి అరచెయ్యి పట్టుకుని గోడకేసి నొక్కింది.

"చూడు. ఇప్పుడు చెప్పు, ఎక్కడిదో ఈ వేడి."

  గాభరా చేతి కింద గోడ చల్లగా ఉంది.

మొన్న సాయంత్రమే బట్టీ ఆర్పేశారు. నిన్నంతా ఆ గోడ పాత వేడి దాచుకుని మోసం చేసింది. ఇవాళ్టికి ఆ వేడీ పోయింది. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇటుకలు పగలగొట్టించింది వాళ్ళే, దుమ్ము ఊడ్చింది వాళ్ళే. అయినా ఆ గోడ చల్లారుతుందని ఒక్కరికీ తట్టలేదు. పుట్టినప్పటినుంచి వెచ్చగా ఉన్న గోడ చల్లబడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు మరి.

అత్తగారు కోడలి మొహం చూసింది. ఏదో తేడా ఉందని అర్థమైంది. తన చెయ్యి తీసి తనే గోడకి ఆనించింది. కొంచెం పైన పెట్టి చూసింది. కింద పెట్టి చూసింది. రెండు చేతులూ పెట్టింది. తన చేతుల మీద తనకే నమ్మకం లేనట్టు చివరికి చెంప తీసుకెళ్ళి గోడకి ఆనించి, అలాగే నిలబడిపోయింది. 

తర్వాత మెల్లిగా ఇటు తిరిగి, మనవరాలి నుదుటిమీద అదే చెంప ఆనించింది. ఆనించిందో లేదో, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసేసింది.

"అమ్మాయ్," అంది. ఆ గొంతు ఆమెది కాదు. "పద."

"అత్తయ్యా..."

"నాకోసం చూడకు. నేను నీ వెనకాలే వస్తాను. నువ్వు పరిగెత్తు."

ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ గాభరాతో అనని మాట అది. ఆమె పరిగెత్తింది.

డాక్టరమ్మ క్లినిక్కు రెండు సందులవతల. ఎండకి వీధిలో పెద్దగా జనం లేరు. పాప తల ఆమె భుజం మీద అటూ ఇటూ వాలిపోతోంది. మామూలుగా అయితే పరిగెడితే ఉలిక్కిపడి చీర కొంగు గుప్పిట్లో పట్టుకునే పిల్ల. ఇప్పుడా గుప్పిట తెరుచుకుని వేలాడుతోంది. మెడ కింద చెయ్యి వేసి అదుముకుంది గాభరా. "అయిపోయింది తల్లీ, వచ్చేశాం, వచ్చేశాం" అంటూ పరిగెత్తింది. ఆ మాటలు పాపకి చెబుతోందో తనకి చెప్పుకుంటోందో ఆమెకే తెలీదు.

మూలమీద టైలరు కుట్టుమిషను ఆపి తల బయటికి పెట్టాడు. "ఏంటమ్మా గాభరా, ఇవాళేంటి, ఆవలించిందా?" అని నవ్వాడు. అతని పక్కన బట్టలు తెచ్చుకున్నవాళ్ళిద్దరు కూడా నవ్వారు. గాభరా ఆగలేదు. వెనకనుంచి మాత్రం ఒక గొంతు వీధి అదిరేలా లేచింది.

"నోర్ముయ్యరా! పిల్ల బాగోలేక పరిగెడుతుంటే పళ్ళికిలిస్తావా? ఇంకోసారి ఆ పేరు నీ నోట వస్తే నీ నోరే కుట్టేస్తాను!"

అత్తగారు. మోకాళ్ళు పట్టుకుని, ఒగరుస్తూ, దుకాణం తలుపులు బార్లా తెరిచి వదిలేసి వస్తోంది. గల్లాపెట్టె వదిలి ఆవిడ వీధిలోకి రావడం టైలరు తన బతుకులో చూడలేదు. నవ్వు మింగేసి, చేతిలో గుడ్డ కింద పడేసి లేచి నిలబడ్డాడు.

క్లినిక్కులో బల్లలనిండా జనం. టోకెన్లు ఇచ్చే అమ్మాయి గాభరాని చూడగానే నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది.

"మళ్ళీ వచ్చారా అక్కా? ఇవాళ చాలామంది ఉన్నారు. కూర్చోండి, పిలుస్తాను."

"కొంచెం తొందరగా..."

"అందరూ తొందరే అక్కా. కూర్చోండి."

చెబితే మీరు నమ్మరు, ఆమె కూర్చుంది. ఇల్లు దాటి, అత్తగారిని దాటి, వీధి దాటి వచ్చిన మనిషి, ఒక్క టోకెను ముందు కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ నవ్వులపాలై నవ్వులపాలై ఆమెకి తన భయం మీద తనకే నమ్మకం పోయింది. అందరూ తనవైపే చూస్తున్నారనిపించింది. పక్కావిడ ఒళ్ళో పిల్లాడు గట్టిగా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటుంటే గాభరాకి ఆవిడ మీద అసూయ కలిగింది. తన పాప కూడా అలా ఒక్కసారి ఏడిస్తే బావుండు, చెవులు చిల్లులు పడేలా ఏడిస్తే బావుండు అనుకుంది.

పాప మీద గుడ్డ తొలగించింది, గాలి ఆడుతుందని. అప్పుడు చూసింది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం గుంటపడి లోపలికి పోతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా గొంతులో చిన్న మూలుగు. పెదవుల చుట్టూ రంగు మారింది. పుట్టినప్పటినుంచి ఆ మొహాన్ని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసిన మనిషి కదా. ఆ రంగు ఆ మొహానిది కాదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

లేచింది. టోకెన్ల అమ్మాయి "అక్కా, అక్కా, ఆగండి" అంటూ అడ్డం వచ్చింది.

"తప్పుకో."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ అమ్మాయి తప్పుకుంది. గాభరా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, డాక్టరమ్మ ఎవరినో చూస్తున్నా ఆగకుండా, పాపని తీసుకెళ్ళి బల్లమీద పడుకోబెట్టింది.

"నేను ఊరికే వచ్చానంటే అనండి. తిట్టండి. కానీ ముందు చూడండి డాక్టరుగారూ."

డాక్టరమ్మ ఏదో అనబోయి, పాపని చూసి ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళని కళ్ళతోనే బయటికి పంపేసింది. నర్సుని పిలిచింది. పాప చంకలో థర్మామీటరు పెట్టింది. గుండెలమీద స్టెతస్కోపు ఆనించింది. వేలితో ఛాతీ మీద నొక్కి వదిలి, తెల్లబడిన చోట మళ్ళీ ఎరుపు వచ్చేదాకా చూసింది. అది రావడానికి చాలాసేపు పట్టింది. థర్మామీటరు తీసి చూసి, ఆ అంకె పైకి చదవకుండా నర్సుకి చూపించింది.

"ఆక్సిజను పెట్టు. పెద్దాసుపత్రికి ఫోను చేసి అంబులెన్సు పంపమను, పసిపిల్లల వార్డులో చెప్పమను."

 గాభరా బల్ల అంచు పట్టుకుంది.

"నేను ఆలస్యం చేశానా?"

"చూడమ్మా." డాక్టరమ్మ చేతులు పని చేస్తూనే ఉన్నాయి, మాట మాత్రం ఆమెకే చెప్పింది. "ఇంత చిన్న పిల్లకి జ్వరం వస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, ఆ ఒక్కటి చాలు పరిగెత్తుకు రావడానికి. పాలు మానేసినా అంతే, లేపితే లేవకపోయినా అంతే. పదిసార్లు ఊరికే వచ్చినా నాకేం నష్టం లేదు. ఇప్పుడొచ్చావు, మంచి పని చేశావు. జ్వరం ఎప్పటినుంచి?"

గాభరా వెనక్కి లెక్కపెట్టుకుంది. నిన్న సాయంత్రమా? నిన్న పొద్దున్నా? మొన్నటిదా?

"తెలీదండీ. గోడ వేడి అనుకున్నాం."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. అప్పుడే అత్తగారు లోపలికి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది. ఊపిరి అందక మాటలు విడివిడిగా వచ్చాయి. "మా ఇంట్లో... బట్టీ గోడ పక్కన... పిల్లలు వెచ్చగానే ఉంటారండీ. బట్టీ ఆర్పిన సంగతి... నాకు తట్టలేదు. తప్పు నాది. కోడల్నేం అనకండి. అది పొద్దున్నుంచి చెబుతూనే ఉంది."

"ఎవరి తప్పో తర్వాత చూద్దాం పెద్దమ్మా." డాక్టరమ్మ పాప కనురెప్ప ఎత్తి టార్చి వేసింది. రెండో కన్నూ చూసింది. మళ్ళీ మొదటిది చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. పాప పాదం పట్టుకుని గట్టిగా తట్టింది. పాప మూలిగి ఊరుకుంది.

"జ్వరం ఒక ఎత్తు. ఈ మత్తు జ్వరానిదేనా, ఇంకేదైనా ఉందా అని చూస్తున్నాను. మందేమైనా వేశారా? జ్వరం మందు, దగ్గు మందు, నిద్రపడుతుందని ఎవరైనా ఇచ్చింది, ఏదైనా సరే."

"లేదండీ," అంది గాభరా వెంటనే. "నా పాలు తప్ప ఏమీ పట్టలేదు. ఒట్టు."

"నువ్వు వెయ్యలేదు. ఇంట్లో ఇంకెవరైనా? బాగా ఆలోచించు. అక్కడ డాక్టర్లు మొదట అడిగేది ఇదే. తెలిస్తే ఒక రకంగా చూస్తారు, తెలీకపోతే ఇంకో రకంగా వెతుకుతూ కూర్చోవాలి. మనకంత టైము లేదు."

అత్తగారు వంగి పాప పాదాల మీద గుడ్డ సర్దుతోంది. గాభరా ఫోను తీసి మొగుడికి కలిపింది. డాక్టరమ్మ ఆ ఫోను అందుకుని, గట్టిగా వినబడేలా చేసి బల్లమీద పెట్టింది. వ్యాను చప్పుడు, దాని వెనక అతని గొంతు వినిపించాయి.

"ఏంటి? ఇటుకలు ఎక్కించేశాం, వస్తున్నాం."

"ఏవండీ, నేను డాక్టరుగారి దగ్గరున్నాను."

అవతల పెద్ద నిట్టూర్పు. "మళ్ళీనా? మాటిచ్చావు కదే!"

"పాపకి బాగోలేదండీ. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంటున్నారు. మీరు తనకి ఏదైనా మందు వేశారా?"

వ్యాను చప్పుడు ఆగింది. బండి పక్కకి తీసి ఆపినట్టున్నాడు. 

"ఏవండీ?"

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకే తెలీదే." అన్నాడతను. "నిన్న పాప అలా ఏడుస్తుంటే నువ్వు దాంతో పాటు ఏడుస్తూ కూర్చున్నావు. చూడలేకపోయాను. రాత్రి నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ దగ్గు మందు ఉంటుంది కదా, అది తాగితే అమ్మకి బాగా నిద్రపడుతుంది... ఒక్క మూత. ఒక్క మూతే వేశాను. ఏమైంది? దానివల్లేనా? చెప్పు, పాపకేమైంది?"

 గాభరాకి రాత్రి తను నిశ్చింతగా పడుకున్న నిద్ర గుర్తొచ్చింది. పాప పుట్టాక దొరికిన మొదటి నిద్ర. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. మొగుడి మీద అరవాలనుకుంది, అతను అవతల పిల్లాడిలా ఏడుస్తున్నాడు.

డాక్టరమ్మ ఫోను మీదికి వంగింది. "మందు పేరేంటి? ఒక్కసారే వేశారా? సరిగ్గా చెప్పండి."

"పేరు గుర్తులేదండీ. కానీ ఒక్కసారే. ఒట్టు డాక్టరుగారూ, రాత్రి ఒక్కసారే. పొద్దున వెయ్యలేదు."

డాక్టరమ్మ వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది. తల అడ్డంగా ఊపింది. "రాత్రి వేసింది ఈపాటికి చాలావరకు దిగిపోయి ఉండాలి. మరి ఇంత మత్తు..." అని ఆగిపోయింది.

అత్తగారు గుడ్డ సర్దడం మానేసింది. కిందికి జారినట్టుగా కూలబడి, డాక్టరమ్మ తెల్లకోటు అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"నేనూ వేశానమ్మా," అంది. "పొద్దున కోడలు పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. పిల్ల మూలుగుతుంటే కడుపునొప్పి అనుకున్నాను. కోడలు కాసేపు నడుం వాలుస్తుంది కదా అని అదే సీసాలోంచి... వాడు వేశాడని నాకు తెలీదు. వాడు వేశాడని నాకు నిజంగా తెలీదమ్మా!"

ఫోనులోంచి "అమ్మా!" అన్న కేక వినిపించింది. గాభరా అత్తగారి వంక చూసింది. తనకి నిద్ర కావాలని ఇంటిల్లిపాదీ ఒకరికి తెలియకుండా ఒకరు ఎంత ప్రేమ చూపించారో అర్థమయ్యేసరికి ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

"ఎంత వేశారు పెద్దమ్మా?" డాక్టరమ్మ అత్తగారి చేతులు విడిపించుకుంటూ అడిగింది. "త్వరగా చెప్పండి. అంబులెన్సు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కో," అంది నర్సుతో.

నర్సు కదల్లేదు. పాప ఛాతీమీద పెట్టిన చెయ్యి తియ్యకుండా, కళ్ళు పక్కకి తిప్పకుండా అంది.

"అది తర్వాత. ముందు మీరిటు రండి డాక్టరుగారూ."